ఇల్లు పొరబడ్డాను

ఆ ఏడు వసంతంలో, సముద్రపు గట్టు మీద గొర్రెలు ఈనుతున్న రోజుల్లో, మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. కుర్రాళ్ళంటే మరీ కుర్రాళ్ళేం కాదు, నా ఈడువాళ్ళే, ముప్ఫైకి అటూ ఇటూ. వాళ్ళు తెచ్చిన కేకు నేను పనిచేసే బేకరీలోదే. పొద్దున్న నేనే పెట్టెలో పెట్టి దారం కట్టిచ్చాను. "ఎవరింటికండీ, ఇంత పెద్ద కేకు?" అని అడిగితే వాళ్ళలో పొడుగాటివాడు చెవుల దాకా ఎర్రబడి, "ఒక పెద్దాయన్ని చూడాలండీ" అన్నాడు. ఆ పెద్దాయన మా నాన్నేనని నాకేం తెలుసు? సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొస్తే నేను కట్టిన దారం నా వంటింటి బల్ల మీదే పడి ఉంది, వాళ్ళు అప్పుడే లోపలికొచ్చినట్టున్నారు.

నాన్న కోసం మనుషులు రావడమే వింత. విల్కో హార్బర్ట్స్ అంటే ఊళ్ళోవాళ్ళకి సముద్రపు గట్లు చూసుకునే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన మనిషి. పెళ్ళాం వదిలేసిపోయిన మనిషి. అంతకు మించి ఆయన గురించి ఎవరికీ ఏమీ అక్కర్లేదు. ఆ ఇద్దరికి మాత్రం ఆయన 'ఆటుపోటు' చేసిన మనిషి.

ఆటుపోటు ఒక కంప్యూటర్ ఆట. నా చిన్నతనంలో నాన్న సెలవురోజులన్నీ ధారపోసి ఒక్కడే కూర్చుని చేశాడు. అందులో తుపాకులూ పరుగులూ ఏమీ ఉండవు. ఫోల్కెర్ట్ అని దీపస్తంభం కాపలాదారు ఒకడుంటాడు. వాణ్ణి బొమ్మల్లో నడిపించాలి, ఎదురైనవాళ్ళతో మాట్లాడించాలి, తాళంచెవులు వెతికించాలి. వాడి భార్య టొమ్మా ఒకనాడు సముద్రం వెనక్కి తగ్గిన వేళ బురదనేల మీద నడిచి వెళ్ళిపోతుంది. ఆమెను వెతకడమే ఆటంతా. ఆఖర్న తలుపు చప్పుడవుతుంది. ఫోల్కెర్ట్ గడియ మీద చెయ్యి వేస్తాడు. 'మిగతాది రెండో భాగంలో' అని తెర చీకటైపోతుంది. ఆ రెండో భాగం రానేలేదు, ఆట అమ్మిన కంపెనీ దివాలా తీసింది. హక్కులు చేతులు మారి మారి హాంబుర్గ్‌లో ఎవరి దగ్గరో తేలాయి. పెట్టె మీద కంపెనీ పేరే గాని నాన్న పేరు ఏనాడూ వెయ్యలేదు.

"తలుపవతల ఎవరండీ?" అన్నాడు పొడుగాటివాడు, కూర్చున్నాడో లేదో. వాడి పేరు యోర్న్ ట్యార్క్స్. "చిన్నప్పట్నించీ ఇదే ప్రశ్న. మా అమ్మ విసుగెత్తిపోయింది."

రెండోవాడు సోంకె. బొమ్మలు వేస్తాడు, మాట తక్కువ. ఆటుపోటు రెండో భాగం వాళ్ళే సొంతంగా చేసుకుంటున్నారట. అమ్మడానికి కాదు, తమలాంటి పిచ్చివాళ్ళకి ఊరికే పంచడానికి. దీపస్తంభం, ఊరు, బురదనేల అన్నీ తయారు. లేనిది ముగింపు ఒక్కటే.

"మీరు ఊఁ అంటే చాలు," అన్నాడు యోర్న్.

నాన్న ఊఁ అనలేదు. లేచి టీ పెట్టాడు. కప్పుల్లో పటికబెల్లం వేశాడు, టీ పోశాడు, పైన మీగడ వదిలాడు. ఒక కప్పు అయింది, రెండు అయ్యాయి. మూడోది తాగాక యోర్న్ మర్యాదగా చెంచా కప్పులో వేశాడు, ఇక పొయ్యొద్దని మా దగ్గర అదే గుర్తు. అప్పుడు నాన్న చెయ్యి చాచి, "నా పేరు విల్కో. ఇక మనలో మనకి మీరూ గీరూ వద్దు," అన్నాడు.

నా చేతిలో పళ్ళెం జారినంత పనైంది. మా దగ్గర 'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఊరికే దిగరు. పెద్దవాళ్ళు పిలిచి ఇవ్వాలి, చిన్నవాళ్ళు తీసుకోవాలి. ఇచ్చాక వెనక్కి తీసుకోవడమనేది ఉండదు. పాతికేళ్ళు ఒకే గదిలో పనిచేసిన గుమాస్తాని నాన్న రిటైరైన రోజున కూడా మీరనే అన్నాడు. అలాంటివాడు ఆ సాయంత్రం ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఇచ్చేశాడు.

"సరే... విల్కో," అన్నాడు యోర్న్, ఆ పేరు నోట్లో పట్టనట్టు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చూడనట్టు కేకు కోశాను.

ఆ వేసవి మా ఇల్లు మా ఇల్లులా లేదు. నేను కేకలేసినా లేవని మనిషి నాకన్నా ముందు లేచి గడ్డం గీసుకునేవాడు. పాత గట్ల పటాలు తిరగేసి వాటి వెనక టొమ్మా మాటలూ, జాలరుల మాటలూ రాసేవాడు. చొక్కా జేబులో పటాలు గీసే నల్ల కలం ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. యోర్న్ మాత్రం మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి చాచి ఆ కలం లాక్కుని రాసేసుకునేవాడు. నాన్న కిక్కురుమనేవాడు కాదు. నాకు కాస్త ఒళ్ళు మండేది, అబద్ధం ఎందుకూ.

టొమ్మాకి గొంతు నాదే. కోట్లు తగిలించే బీరువాలో నన్ను నిలబెట్టి, ఎదురుగా మైకు పెట్టి తలుపేసేవారు. ఆ ఉన్ని కోట్ల మధ్య బయటి చప్పుడు వినబడదట. చెమటతో, కలరా ఉండల వాసనతో నేను మాటలు చెప్పేదాన్ని.

ముగింపు సంగతి నాన్న ఒక మధ్యాహ్నం తోటలో చెప్పాడు. నలుగురం కూర్చుని పుల్లటి ఎర్రపళ్ళ గుత్తులు దూస్తున్నాం.

"ఫోల్కెర్ట్ తలుపు తీస్తాడు. వానలో ఒక ఆడమనిషి. ఇరవై ఏళ్ళయింది, మొహం ఆనవాలు దొరకదు. ఆడేవాడికి అక్కడ రెండే మాటలిస్తాం. ఒకటి, 'మీకెవరు కావాలండీ?' రెండోది, 'నువ్వు తడిసిపోయావు, లోపలికి రా.'"

"రెండోది నొక్కితే?" అన్నాడు సోంకె.

"లోపలికొస్తుంది. మూడు కప్పుల టీ తాగుతుంది. చెంచా మాత్రం కప్పులో వెయ్యదు."

"మొదటిది నొక్కితే?"

"'క్షమించండి, ఇల్లు పొరబడ్డాను' అని వెళ్ళిపోతుంది. ఆట అక్కడికి సరి."

"సర్లే, వెనక్కెళ్ళి రెండోది నొక్కుకుంటారు," అన్నాడు యోర్న్.

"వెనక్కెళ్ళడం ఉండకూడదు. అక్కడ ఒక్కసారే."

"బాబోయ్! జనం కంప్యూటర్లు బద్దలు కొడతారు విల్కో!"

"కొట్టనీ." నాన్న ఒక గుత్తి దూసి గిన్నెలో వేశాడు. "విడాకులప్పుడు కోర్టులో, ఇదిగో, ఈ ఇమ్కె వాళ్ళమ్మ నన్ను మీరు అంది. 'హార్బర్ట్స్ గారూ, ఆ పాత సోఫా మీరే ఉంచుకోండి' అంది. అందరి ముందూ. నాలుగు తిట్టినా బావుండేది."

ఈ ముక్క నాకు ఆ రోజే తెలిసింది. అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి నాతో చెప్పుకోని మాట ఆ కుర్రాళ్ళ ముందు చెప్పుకున్నాడు. ఉడుకుమోత్తనం వచ్చింది గాని, దాన్ని మించి ఆయన మీద జాలేసింది. సోంకె తల వంచుకుని పళ్ళు దూశాడు. యోర్న్ జేబులోంచి రుమాలు తీసి నాన్న వేళ్ళకి అంటిన ఎర్ర రసం తుడిచాడు, తన తండ్రికి తుడిచినట్టే.

'ఇల్లు పొరబడ్డాను' అన్న మాట నా చేత ఎన్నిసార్లు చెప్పించారో లెక్కే లేదు. "అంత కోపంగా కాదు ఇమ్కె," అనేవాడు యోర్న్ బీరువా తలుపు కొంచెం తీసి. "రొట్టె మాడ్చినవాడితో మాట్లాడుతున్నట్టుంది."

"మరెలా చెప్పి చావమంటావ్?"

"తను వచ్చిన ఇల్లు సరిగ్గా ఇదేనని ఆమెకి తెలుసు. తెలిసే ఆ మాట అంటోంది. అలా చెప్పు."

చివరికి ఆ మాట కుదిరింది. టొమ్మా లోపలికొచ్చి టీ తాగే భాగం వచ్చే ఆదివారానికి పెట్టుకున్నాం. ఆ ఆదివారం అసలు రానే లేదు.

ఆ వారంలోనే హాంబుర్గ్ నుంచి ఫోనొచ్చింది. నాన్న నడవాలో నిటారుగా నిలబడి, "అవునండీ... సంతోషమండీ..." అంటూ విన్నాడు. పెట్టేశాక కూడా ఫోను మీద చెయ్యి తియ్యలేదు.

"పాత ఆటుపోటు మళ్ళీ తెస్తారట," అన్నాడు. "పెట్టె మీద నా పేరు వేస్తారట. ముందువైపునే."

"అబ్బ! యోర్న్‌కి చెప్పావా?"

"చెప్తాలే."

చెప్పలేదు. ఇంతలో యోర్నే ఒక కాగితం ఊపుకుంటూ వచ్చాడు, వెనకాల సోంకె సున్నం కొట్టిన మొహంతో.

"వకీలు నోటీసు, విల్కో! ఆ హక్కులున్నవాళ్ళే. దీపస్తంభం వాళ్ళదట, టొమ్మా వాళ్ళదట. చేసిందంతా చెరిపేసి, ఇంకెప్పుడూ ఈ జోలికి రామని సంతకం పెట్టమంటున్నారు. కాదంటే కోర్టు."

"మన పని అయిపోయింది," అన్నాడు సోంకె.

"ఏంట్రా అయిపోయేది? విల్కో ఉన్నాడుగా! వీళ్ళు నా మనుషులు, మాటలు రాసింది నేనే అని ఆయన ఒక్క మాటంటే నోరు మూసుకుంటారు. కదా విల్కో?"

నాన్న ఎదురుగా ఉన్న కప్పుని సాసర్లో అటూ ఇటూ తిప్పాడు. "వెళ్దాం," అన్నాడు. "హాంబుర్గ్ వెళ్ళి మాట్లాడదాం."

కారు నేనే నడిపాను. దారంతా యోర్న్ వెనక సీట్లో కూర్చుని జోకులు వేస్తూనే ఉన్నాడు.

వకీలు ఒకావిడ. చాలా మర్యాదస్తురాలు, మాకందరికీ తన చేత్తో ఆపిల్ రసం పోసింది. అదే బాధ, తిట్టుకోవడానికి కూడా వీల్లేని మనిషి.

"మా కంపెనీవాళ్ళు రాక్షసులేం కారు," అంది. "ఇది హార్బర్ట్స్ గారి చేతిమీదుగా జరిగిన పనే అయితే, పేరు మార్చి ఉచితంగా పంచుకోమనడానికి వాళ్ళు సిద్ధం. అయితే అప్పుడు హార్బర్ట్స్ గారు అమ్మేసుకున్నదాన్ని మళ్ళీ తానే వాడుకున్నట్టవుతుంది. కొత్త పెట్టె మీద ఆయన పేరు వేసే విషయం ఇక వదులుకోవాల్సి వస్తుంది. అందుకని ముందే అడుగుతున్నాను."

"ఏ పెట్టె?" అన్నాడు యోర్న్. "పేరేంటి విల్కో?"

నాన్న తన గ్లాసుని బల్ల మీద కాస్త అవతలికి జరిపాడు.

"హార్బర్ట్స్ గారూ, వీళ్ళ పనిలో మీ చెయ్యేమైనా ఉందా?"

నాన్న నా వైపు చూశాడు. ఏమీ అనొద్దే అన్నట్టున్న ఆ చూపుకి నా నోరు పడిపోయింది. తరవాత యోర్న్ వైపు తిరిగాడు గాని మొహంలోకి చూడలేదు, చొక్కా గుండీల దాకా చూసి ఆగిపోయాడు.

"ట్యార్క్స్ గారూ," అన్నాడు. "మీరు ఇంటికొస్తే మర్యాదకి నాలుగు మాటలు మాట్లాడాను. దాన్ని మీరు ఇంకోలా అర్థం చేసుకున్నారు."

వకీలావిడ కాగితాలు ముందుకు జరిపింది. ఆవిడకి అక్కడ ఏం జరిగిందో తెలియనే లేదు. గారూ, మీరూ అని అలవాటుగా ఎవరైనా అనుకునే మాటలే కదా అవి.

సోంకె గబగబా సంతకం పెట్టేసి కిటికీ వైపు తిరిగిపోయాడు. యోర్న్ కలం తీశాడు. అది రాయలేదు. రెండుసార్లు విదిలించాడు, అయినా రాయలేదు. వాడి చెయ్యి అలవాటు కొద్దీ నాన్న చొక్కా జేబు వైపు వెళ్ళింది. మధ్యలో ఆగింది.

"మీ కలం ఒకసారి ఇస్తారా, హార్బర్ట్స్ గారూ?"

నాన్న తీసి ఇచ్చాడు. యోర్న్ సంతకం పెట్టి, మూత బిగించి, రెండు చేతులతో తిరిగి ఇచ్చి, "థాంక్సండీ" అన్నాడు.

వాళ్ళిద్దరూ రైల్లో వెళ్ళిపోయారు. తిరుగు దారిలో, నోరు విప్పితే ఏం మాట వస్తుందోనని భయపడుతూ కారు నడిపాను. మా ఊరి గట్టు కనబడ్డాక అడిగాను.

"పేరు కోసమా నాన్నా?"

"ఒక్కసారి చూసుకోవాలనిపించిందే తల్లీ," అన్నాడు. "పెట్టె మీద. ఒక్కసారి." అని ఏడ్చాడు. నాన్న ఏడవగా చూడ్డం నాకదే మొదలు. కారు పక్కకి తీసి ఆపాను గాని ఓదార్చడానికి నాకు చేతులు రాలేదు.

కొన్నాళ్ళకి యోర్న్ బేకరీకి వచ్చాడు, రొట్టె కోసం. అన్నీ చెరిపేశానన్నాడు.

"ఒక్క కాపీ దాచుకోలేకపోయావా? ఎవడొచ్చి చూస్తాడు?"

"సంతకం పెట్టాను ఇమ్కె."

"మీ సంతకాలు తగలెయ్యా!"

"నీ గొంతు ఆఖర్న చెరిపాను," అన్నాడు. "ఆ పొరబడ్డ మాట మాత్రం ఇంకోసారి విని చెరిపాను." చిల్లర తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

వేసవి దాటి, రేగుపళ్ళంతేసి నల్లపళ్ళు కేకుల్లోకి వచ్చే కాలానికి హాంబుర్గ్ నుంచి పార్సెల్ వచ్చింది. మాట తప్పలేదు వాళ్ళు. పెట్టె ముందువైపున, పెద్ద అక్షరాల్లో, ఒక్క తప్పు లేకుండా 'విల్కో హార్బర్ట్స్' అని ఉంది. నాన్న దాన్ని వేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఆ తరవాత గూట్లో గోడ వైపు తిప్పి పెట్టేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. పటాలన్నీ చుట్టి అటక మీదికెక్కించాడు. పూటకి రెండు మాటలు మాట్లాడితే గొప్ప.

"యోర్న్‌కి ఫోన్ చెయ్యి నాన్నా. టీకి రమ్మను."

"ఏమని పిలవనే? మీరు రండి అననా, నువ్వు రా అననా? ఇచ్చి లాక్కున్నాను. మళ్ళీ ఇవ్వడానికి నాకేం మొహముంది?"

సరే కదాని నేను యోర్న్‌కి చేశాను. "రావాలనే ఉంది," అన్నాడు. "కానీ నేనెలా అంటాను ఇమ్కె? పెద్దాయన ఇస్తేనే కదా. ఇష్టం లేదేమో ఆయనకి." ఇద్దరూ ఇద్దరే. ఈయన ఇవ్వడానికి సిగ్గుపడుతున్నాడు, వాడు అడగడానికి మొహమాటపడుతున్నాడు. ఇద్దరి మధ్యా నా తలప్రాణం తోకకొచ్చింది.

"ఏమీ అనొద్దు," అన్నాను చివరికి. "ఊరికే గుమ్మం దాకా రా. ఆయనే అంటాడు. నా మాట నమ్ము."

అక్టోబరులో ఒక శనివారం వస్తానన్నాడు. నాన్నకి నేనేం చెప్పలేదు, బల్ల మీద మూడు కప్పులు పెట్టానంతే. నాన్న వచ్చి ఆ కప్పుల్ని చూశాడు. నన్ను చూశాడు. మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. జేబులో కలం పెట్టుకున్నాడు. నడవాలో అటూ ఇటూ తిరుగుతూ పెదవులు కదుపుతున్నాడు. ఆ మాటని వల్లె వేసుకుంటున్నాడని నాకు తెలిసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బయట సముద్రం మీదనుంచి ఈదురుగాలీ, కుండపోతగా వానా. తలుపు చప్పుడైంది.

"నేను తీస్తా," అన్నాడు నాన్న.

నేను టీ పాత్ర పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను. నాన్న గడియ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడ్డాడు. తీశాడు. యోర్న్ నిలువెల్లా తడిసి ఉన్నాడు, నీళ్ళు జుట్టులోంచి మెడలోకి కారుతున్నాయి. చేతిలో మా బేకరీ పెట్టె, అదీ నానిపోయింది. నవ్వుదామా వద్దా అన్నట్టు నాన్న మొహంలోకే చూస్తున్నాడు.

అను నాన్నా, అనుకున్నాను. అనెయ్యి.

"మీరు..." అన్నాడు నాన్న.

అని, తన నోటినుంచి ఏం వచ్చిందో తనే విని బిగుసుకుపోయాడు. గొంతు సవరించుకున్నాడు. సిగ్గో, భయమో, ఆ ముసలి నోరు ఇంకోవైపు తిరగలేదు. "మీరు తడిసిపోయారు," అన్నాడు.

యోర్న్ ఎదురుచూశాడు. చాలాసేపు ఎదురుచూశాడు, ఆ మాట నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు, వాడికీ తెలుసు. అప్పుడు వాడు పెట్టెని మెల్లగా గడప మీద పెట్టాడు.

"క్షమించండి," అన్నాడు. "ఇల్లు పొరబడ్డాను."

బీరువాలో నా చేత ఎలా చెప్పించాడో సరిగ్గా అలాగే అన్నాడు. కోపం పిసరంత కూడా లేదు. తోటలోంచి నడిచి, గేటు తీసి, మళ్ళీ జాగ్రత్తగా వేసి వెళ్ళిపోయాడు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి వీధిలో వాన తప్ప మనిషి లేడు.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. జల్లు నడవాలోకి కొడుతోంది, ఇస్త్రీ చొక్కా ముందంతా తడిసి కలం దగ్గర నల్లటి మరక దిగుతోంది.

"నువ్వు తడిసిపోయావు," అన్నాడు గేటు వైపు చూస్తూ. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. "లోపలికి రా."

"తలుపు వెయ్యనా నాన్నా?" అన్నాను.

"కాసేపు ఉండనీవే."

టీ చల్లారిపోయేదాకా అలాగే ఉంచాం.